ఎరుపు పట్టే దాక

కొత్తవాడల ముప్పై ఏండ్లు
జంపఖానల నూలుకు రంగులద్దినోణ్ణి.
ఎరుపంటే నాకు ఒక్కటి కాదు.
దానిమ్మ గింజ వేరు, ఎండు మిర్పకాయ వేరు,
పొద్దుగూకే యాళ్లకు
దండెం మీద తడారే ఎరుపు ఇంకోటి.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు
మూడో నంబరు మంచం మీద
ఎడమ చెయ్యి చాపి పండుకుంట.
నా రక్తం పైపులల్ల బయటికొచ్చి
మిషిను చుట్టూ తిరిగి
మళ్ల ఇంటికొస్తది.
పనోని కండ్లతోని చూస్త దాన్ని.
పలుచగున్నది.
తొట్టి అడుగున మిగిలిన నీళ్లల్ల
ఆఖరి చిలప ముంచినట్టున్నది.

ఫిలోమినా సిస్టర్ వచ్చి
కింది రెప్ప గుంజి చూస్తది.
"ఐలయ్యా, ఆరు పాయింట్ తొమ్మిది."
కాయితం రాకముందే నాకెర్కే.
పోచమ్మ మైదాన్ల బస్సు దిగి
మా గల్లి దాక నడిచేలోపు
మూడిండ్ల అరుగుల మీద కూసున్న.
గుండె మగ్గం లెక్క టకటక ఆడుతది,
బట్ట మాత్రం జానెడు నేయది.

పక్క మంచం యాకూబీ
కొంగుల బియ్యం గింజలు దాచుకొని నములుతది.
"బియ్యమేంది, నిన్న బలపం గూడ తిన్న"
చెవుల చెప్పి నవ్వుతది.
వేళ్ల నిండ గోరింటాకే,
కింది రెప్ప మాత్రం సున్నం గోడ.

"రెండు సీసల రక్తం ఎక్కియ్యరాదుండ్రి" అన్న ఒకనాడు.
"పానం మీదికొస్తె తప్ప ఒద్దు" అన్నది డాక్టరమ్మ.
"రేపు నీకు కిడ్నీ దొరికితే
పరాయి నెత్తురు నేర్పిన పగతోని
ఒళ్లు దాన్ని రానియ్యకపోవచ్చు.
కిడ్నీ అంటే నీళ్లు వడగట్టుడొక్కటే అనుకున్నవా?
రక్తం జెయ్యి, రక్తం జెయ్యి అని
మూలుగకు కబురంపేది గూడ అదే.
ఆ కబురు బందైంది.
ఈ సూదే ఇగ కబురు."

ఆ కబురు చల్లగ రావాలె.
ఆస్పత్రిల మందు అయిపోయిన నెల
సమ్మక్క బయట కొని తెచ్చింది,
స్టీలు టిఫినుల, సోడాబండి ఐసు నడుమ.
సూదికి ఐసు తగిలి గడ్డకడితే పనికిరాదని
నా పాత రుమాలు చుట్టింది.
పైసలెక్కడియో చెప్పలే.
మెడ దిక్కు చూసిన, పుస్తెలున్నయి.
కాళ్ల దిక్కు చూసే ధైర్యం చెయ్యలే.

రెండు నెలలు సూది మీద సూది.
నంబరు ఏడు కాడ మొండికేసి కూసున్నది.
అప్పుడు తెచ్చిన్రు ఇనుము.
తాటిబెల్లం నీళ్ల రంగు, చిన్న సీస.
నాకు నవ్వొచ్చింది.
తొట్టి దగ్గర ఇనుపముక్క కనవడితే
జీతగాండ్లను తిట్టేటోణ్ణి,
ఇనుము తగిలిన ఎరుపు మొఖం మాడ్సుకుంటదని.

మా నాయిన మాట గూడ యాదికొచ్చింది:
ఉత్త రంగు ఎంత పోస్తే ఏం లాభం కొడుకా,
ముందుగాల పటిక పట్టియ్యకుంటే
మొదటి ఉతుకుకే నీళ్లల్ల కలుస్తది.
గిదన్నట్టు నా పటిక.
బొట్టు బొట్టు లోపలికి దిగుతుంటే
నోట్ల రూపాయి బిళ్ల చప్పరించినట్టున్నది.

పెత్రమాస ముందు తొమ్మిదిన్నర వచ్చింది.
"పద్నాలుగు జెయ్యరాదు సిస్టర్, ఒక్కపాలే?"
"పదకొండు మీద పోనియ్యం.
చిక్కగైతే చేతిల లైను మూస్కపోతది,
తలకు గూడ మోసమే."
సరే. ఇదొక్కటి నాకు చెప్పే పని లేదు.
ఎక్కువ రంగు తాగిన పోగు
పడుగుల పుటుక్కుమంటది.

యాకూబీది ఇంకా ఏడే.
నా సీసల సగం ఆమెకు పొయ్యమంటే
సిస్టర్ కోపం జేసింది,
ఆమె మాత్రం ఒక బియ్యపుగింజ
నా దిక్కు విసిరింది.

ఇయ్యాల ఒక్క అరుగు మీదనే కూసున్న.
అది గూడ అలిసి కాదు,
ఎవరో కొత్త జంపఖాన ఆరేసిన్రు, చూద్దామని.

పైపుల రంగు దానిమ్మ కాదు.
మిర్పకాయ గూడ కాదు.
ఇటుకపొడి.
గిరాకి బేరమాడుతడు గని
వాపస్ మాత్రం చెయ్యడు.