గది నాలుగు

హల్ ఊళ్ళో రేవు మీద మంచు ఇంకా విడవకముందే
మ్యూజియం తాళాలు తీస్తారు.
పది దాటిన రెండో నిమిషానికి నేనూ, అతనూ
ఎదురెదురు కుర్చీల్లో ఉంటాం.
నాది ప్లాస్టిక్ కుర్చీ, మడత పడేది.
అతనిది రంగు కుర్చీ, ఓల్డ్‌రాయిడ్ గీసింది.
గంటకి పన్నెండు పౌండ్లు నాకు.
అతనికెంతో గోడ మీది చీటీలో రాయలేదు.
"కూర్చున్న మనిషి, మూడు. కాన్వాసు మీద తైలవర్ణం.
ప్రైవేటు సేకరణ నుంచి." అంతే.

మొదటి వారం ఆ మొహం చూళ్ళేకపోయాను.
మనిషి తోలుకి ఇన్ని రంగులా!
పొగబారిన రాగిచెంబు అడుగు, బుగ్గ మీద.
వంకాయ తొడిమ ఎత్తి చూస్తే కనపడే లేతపచ్చ, మెడ మడతలో.
మోకాలి దగ్గర
నేరేడుపండు నమిలి ఉమ్మినంత ఊదా.
తెలుపు, నలుపు, చామనఛాయ అని
మూడు మాటల్తో సంబంధాలు కుదిర్చేసుకునే వాళ్ళం మేం,
ఇతన్ని ఆ మూడిట్లో ఎక్కడ కూర్చోబెట్టను?

రెండో వారానికి అలవాటైంది.
తర్వాత్తర్వాత అతన్ని చూడ్డం మానేసి
అతను చూస్తున్న వైపు చూడ్డం మొదలెట్టాను.
నా భుజం మీంచి, తలుపు పక్కకి,
మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడే చోటికి.

చెవికి తగిలించుకునే యంత్రం ఐదు భాషల్లో చెబుతుంది:
"ఈ చూపులో యుద్ధానంతర మానవుడి ఏకాంతాన్ని గమనించండి."
జనం గమనిస్తారు. తలలు కాస్త పక్కకి వాలుస్తారు.
ఒకావిడ ఏడ్చింది కూడా.
తడి వస్తువులు గదిలోకి తేకూడదని రూలుంది,
కన్నీళ్ళ మాట అందులో రాయలేదు. టిష్యూ ఇచ్చాను.

నిన్న గురువారం, వాన,
ముసలాయన ఒకడొచ్చాడు.
చేతికర్ర కింది రబ్బరు అరిగిపోయి
నేలంతా టక్కు టక్కుమంటోంది.
యంత్రం వద్దన్నాడు. తిన్నగా బొమ్మ దగ్గరికి నడిచి,
నేల మీది బూడిదరంగు గీత దాటి
చెయ్యి చాచాడు, చెవి వైపు.

"దయచేసి ముట్టుకోకండి."
రోజుకి నలభైసార్లనే మాట, నోరు దానంతటదే అనేస్తుంది.

వెనక్కి తిరిగాడు.
"ఎనభై ఏళ్ళుగా నేనే కడుగుతున్నానమ్మా, ఈ చెవిని."

లెన్ స్టాథర్స్. రేవులో చేపలు కోసేవాడట.
పనిలేని ఒక చలికాలం, తొంభై పొద్దుటిపూటలు,
పూటకి పది షిల్లింగులు,
పైగా మేడగది వెచ్చగా ఉంటుందని.
మోకాలు తిమ్మిరెక్కిందని మొత్తుకుంటే
ఓల్డ్‌రాయిడ్ "ఊఁ" అని
ఇంకాస్త ఊదా కలిపేవాడట.

"మరి ఆ చూపు?" అడిగాను. అడక్కూడదు, డ్యూటీలో ఉన్నాను.
"ఏం చూస్తున్నారు అట్లా?"

"కెటిల్‌ని," అన్నాడు.
"పదకొండయితేగానీ టీ పోసేవాడు కాదు, పిసినారి."

నవ్వాడు. సగంలో ఆపాడు.
మళ్ళీ బొమ్మవైపు తిరిగి, చాలాసేపు,
ఈసారి గీతకి ఇవతలే,
కర్ర చంకలో ఇరికించుకుని
తన చెవిని తనే తడుముకున్నాడు,
పైనుంచి తమ్మె దాకా,
కొట్టువాడిచ్చిన చిల్లర సరిచూసుకుంటున్నట్టు.
"పెద్దదైపోయింది," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ
టిక్కెట్టుకి పద్నాలుగు పౌండ్లు గుంజారని కూడా అన్నాడు.

ఇవాళ బడిపిల్లలొచ్చారు, పసుపు జాకెట్లతో, ముప్పైమంది.
ముందుపళ్ళు ఊడిన పిల్ల ఒకతి అడిగింది,
ఈయన ఎటు చూస్తున్నాడని.
యంత్రం చెప్పేది నాకు కంఠతా వచ్చు.
లేచి, తలుపు పక్కకి నడిచి
ఎర్ర సిలిండరు చూపించాను.
"ఇదిగో, ఇక్కడ టీకి నీళ్ళు కాగుతున్నాయి."

పిల్ల దాని మూతి వైపే చూస్తూ నిలబడింది,
ఆవిరి వస్తుందేమోనని.