తప్పు నాది

తెల్ల హెల్మెట్ ఇయ్యాల పొద్దుగాల చేతిల వెట్టిండ్రు.
కొత్తది కాదు. లోపలి పట్టీ మీద
ఉప్పు పేరిన చెమట మరక.
అది ఎవలదో నాకు తెలుసు.

లింబాద్రన్నది మెట్‌పల్లి దిక్కు.
సోహార్‌ల పదారేండ్లు ఫోర్మన్.
మంచోడనిపించుకుందామన్న సోకు ఆయనకు లేకుండె.
నాలుగింటికి బస్సెక్కేటప్పుడు
ఒక్కనికి సలాం కొట్టకపోవు.
షటరింగ్‌ల మేకు వంకర పోతే
మన తాతల దాక పోయి తిట్టేటోడు.
ఆయన గురకకు పక్క మంచం బిహారోడు
దరఖాస్తు రాసి మరీ గది మార్పించుకున్నడు.

నేను పోయిన మొదటి యేడు,
మూడో నంబర్ ట్యాంకు పునాది.
లెవల్ ఆయననే చూసిండు.
కాంక్రీటు పోసి, గట్టిపడ్డంక తెలిసింది
సముద్రం దిక్కు రెండు వేళ్ల మందం తక్కువని.
ఇంజనీరు జీపు దిగే యాళ్లకు
నలభై మందిమి
ఒకని ఎనుక ఒకడు దాసుకుంట నిలబడ్డం.
దారం అవతలి కొస పట్టుకున్నది నేను.
బొటనవేలికి నీలం పొడి ఇంక పోలే.
చెయ్యి జేబుల వెట్టుకున్న.

లింబాద్రన్న నీళ్ల డ్రమ్ము బోర్లేసి ఎక్కిండు.
"తప్పు నాది" అన్నడు, మా దిక్కు చూసి.
"గల్తీ మేరీ" అన్నడు, బిహారోళ్లకు.
"భూల్ ఆమార్" అన్నడు, బంగ్లా పిల్లగాండ్లకు.
"గల్తీ మేరో" అన్నడు, నేపాలోళ్లు ఇద్దరికే అయినా.
ఆఖరుకు ఇంజనీరు దిక్కు తిరిగి
"అల్ ఘలత్ మిన్నీ" అన్నడు.

ఆయనకు బంగ్లా రాదు, నేపాలీ రాదు.
ఆ భాషలల్ల నీళ్లడగనేర్వడు, జరమొచ్చిందని చెప్పనేర్వడు.
ఆ ఒక్క మాట మాత్రం
మొలతాడుకు తాళంచెవి కట్టుకున్నట్టు
ఎప్పుడు నేర్సి పెట్టుకున్నడో.

మూడు రోజుల జీతం కోసిండ్రు.
పగలగొట్టేనాడు మొదటి బ్రేకర్ ఆయననే పట్టిండు.
నా బొటనవేలు ఆయన చూసిండో లేదో
ఇప్పటికీ తెల్వది.
అడుగుదామనుకుంటనే తొమ్మిదేండ్లు పోయినయి.

ఆ దినం నుంచి
ఆయన "ఎక్కు" అంటే ఎక్కినం,
కట్టెలు కుదురుగున్నయా అని కింద చూడకుంట.

ఎండకాలం పన్నెండున్నర కాంగనే
బూట్లిప్పి ఇసుక మీద బోర్లిచ్చేటోడు.
"మిక్సర్ వచ్చింది, ఇంకో అరగంట" అని ఇంజనీరు అంటే
వాదించకపోవు. బూట్ల దిక్కు చూసి ఊకునేటోడు.
ఆయన తోడుకునేదాక మేం లేవలే.

సెలవు కోసం పోయినోనికి
"ఇప్పిస్త" అని ఎన్నడనలే.
"అడుగుత" అన్నడు. అంతే.
పోషెట్టి బిడ్డ పెండ్లికి అడిగిండు, దొరకలే.
ఆ రాత్రి పోషెట్టి తిట్టిన తిట్లన్ని
మంచం మీద కూసోని విన్నడు,
నడుమల ఒక్కసారి నీళ్ల సీస అందిచ్చిండు.

పోయిన వారం మోకాళ్లు పట్టేసి ఇంటికి పోయిండు.
పెట్టె కట్టేటప్పుడు ఏమన్న చెప్తడేమో అని
గుమ్మం కాడ నిలబడ్డ.
"ఆ తాడిటియ్యి" అన్నడు.

నేను ఇయ్యాల మధ్యాహ్నమే దొరికిపోయిన.
పదారు ఎం.ఎం. ఇనుముకు బదులు
పన్నెండు రాసిచ్చిన. లారీ దిగిపోయింది.
"ఎవల పని?" అన్నడు ఇంజనీరు.
కోరుట్ల నుంచి మొన్న వచ్చిన పిల్లగాడు, నర్సిములు,
కాయితం మోసుకపోయినోడు,
మెల్లగ చెయ్యి జేబుల వెట్టుకున్నడు.

డ్రమ్ము కోసం చూసిన. ఖాళీది లేకుండె.
ఇసుక మీదనే నిలబడి మొదలువెట్టిన.
తెలుగుల గొంతు పట్టింది. హిందీల జర నయం.
బంగ్లాల తప్పు అన్న మాటనే తప్పు పలికిన.
రఫీకుల్ నవ్వుకుంట దిద్దిండు.
మల్ల చెప్పిన.