ఇరవై ఏడు కేజీలు

మెల్బోర్న్. జనవరి. నలభై రెండు డిగ్రీలు.
స్టేడియం అడుగున కిటికీ లేని గదిలో
నేనూ, నా యంత్రం, ఒక టేబుల్ ఫ్యాను.
పైన పదిహేను వేలమంది ఒక్కసారిగా లేస్తే
నా టీ కప్పులో చిన్న వలయం పుడుతుంది.
నేను చూసే ఆట అంతే.

పదహారేళ్ళు నెరేయా ఉగార్తె రాకెట్లకు తీగలు కట్టాను.
ఒక్క మ్యాచీ చూడలేదు.

చీరాల మగ్గాలవాళ్ళం. నాకిదీ పడుగూ పేకే.
పదహారు నిలువు, పంతొమ్మిది అడ్డం,
ఒకటి మీదుగా, ఒకటి కిందుగా.
కాకపోతే ఈ నేత ఎవరూ కట్టుకునేది కాదు,
దెబ్బ తినడానికే నేస్తాం.

నా నోటుపుస్తకంలో ఆమె అంకెల్లో ఉంది.
పంతొమ్మిదో ఏట: ఇరవై ఏడు కేజీలు.
"ఇంకా బిగించు" అంది వచ్చీరాని ఇంగ్లీషులో,
పిడికిలితో గాలిని పిండి చూపిస్తూ.
"తెగుతుంది."
"తెగనీ."
ఆ పదిహేను రోజుల్లో తెగినవి నలభై ఒకటి.

ఇక్కడివాళ్ళకు ఎవరిమీదైనా మనసు పడితే
ముందు పేరు సగానికి నరుకుతారు.
నెజ్జా! నెజ్జా!
నా గది కప్పు నుంచి దుమ్ము రాలి
తెల్లటి తీగల మీద పడింది. ఊదుకున్నాను.

కప్పు గెలవలేదు ఆమె. రెండు ఫైనల్స్, రెండూ ఓటమే.
రెండోదాంట్లో అంపైరు ఇచ్చిన పాయింటు
తనది కాదని తిరిగిచ్చేసిందట.
ఫుట్స్‌క్రే మార్కెట్లో చేపలమ్మే తువెట్
రొయ్యలు తూస్తూ ఆ పాయింటు నాకు రెండుసార్లు చెప్పింది.
కడుపులో ఉన్న బిడ్డకు పేరు అప్పుడే ఖాయం చేసుకుందట.
తర్వాత చూస్తే బడిలో ఇంకో ఇద్దరు నెరేయాలు!

ఇరవై అయిదు. ఇరవై నాలుగు.
భుజానికి కోత పడ్డాక ఇరవై ఒకటిన్నర.
టీవీలో దాన్ని పరిణతి అన్నారు.
నా పుస్తకంలో ఆ మాట లేదు.

చివరి జనవరిలో వచ్చి నిలబడింది,
జుట్టు పొట్టిగా, కళ్ళకింద ఎండ.
"ఇరవై ఏడు" అంది.
నేను ఆ భుజం వైపు చూశాను.
"సరే" అన్నాను.
పుస్తకంలో ఇరవై ఏడని రాశాను.
యంత్రాన్ని ఇరవై రెండు దగ్గర ఆపాను.

మొదటి రౌండు. మూడు సెట్లు. ఓడింది.
పైన ఎంతసేపు చప్పట్లు కొట్టారంటే
కప్పులో టీ వణుకుతూ వణుకుతూనే చల్లారింది.

తర్వాత ఆమే కిందికొచ్చింది, మెడలో తడి తువ్వాలు.
రాకెట్ చెవి దగ్గర పెట్టుకుని
బొటనవేలితో తీగ మీటింది.
నా వైపు చూసింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
దాన్ని నా బల్లమీద వదిలి వెళ్ళిపోయింది.

క్షమించడమో, శిక్షో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
ఆ అంకె మాత్రం దిద్దలేదు.

ఇప్పుడు నా కొట్టు చేపల సందులోనే.
నిన్న తువెట్ కూతురు వచ్చింది,
తొమ్మిదేళ్ళది, చేతిలో పాత రాకెట్, కాళ్ళకు చెమ్మ మట్టి.
"నెజ్జాకి కట్టినంత కట్టు" అంది.
"ఎంతో తెలుసా?"
"ఇరవై ఏడు. అందరికీ తెలుసు."

యంత్రం ఆన్ చేశాను.
"ముందు నీ చెయ్యి చూడనీ" అన్నాను.