డిస్కు మార్చే చోటు

ముందు కాలిన కొమ్ము వాసన వచ్చింది,
తర్వాత ఖగేశ్వర మహారాణా వచ్చాడు.
పర్లాకిమిడి బజారులో నా వీడియో షాపు,
గుమ్మం బయటే చెప్పులు విడిచి,
"మిషన్లున్న కాడ చెప్పులేటి" అన్నాడు.

తొమ్మిది రోజులు తీశానతని చేతుల్ని:
గేదె కొమ్ము నిప్పు మీద మెత్తబడటం,
పటకారు పట్టులో కొంగ మెడై వంగటం,
ఆకురాయి, నూనెగుడ్డ, మళ్ళీ ఆకురాయి.
కోతలన్నీ పోగా
నూటనలభై నిమిషాలు తేలింది.
ఇక దేంట్లో వెయ్యాలన్నదే మిగిలింది.

గల్లాపెట్టె మీద మూడు డిస్కులు పరిచాను
విందుకు పిలిచి విస్తర్లేసినట్టు.

ఇది వీసీడీ. గంటా పావుకి నిండిపోతుంది, రెండు కావాలి.
బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది, మంట దగ్గర మరీను.
అయితే సంతలో కొన్న చైనా పెట్టె కూడా
దీన్ని కాదనదు.
ఇది డీవీడీ. మొత్తం ఒక్కదాంట్లో పడుతుంది.
ఇందులో మళ్ళీ ప్లస్సని, మైనస్సని...
"తోడికోడళ్ళా?"
అలాంటిదే. పాత ప్లేయర్లు కొన్ని ఒకరినే గడప దాటనిస్తాయి.
ఇదేమో బ్లూ-రే. ధర చెప్పాను.
చిటికెన వేలితో అవతలికి నెట్టి
"దీన్ని కోటకి పంపించు" అన్నాడు.

ఎండకేటవుద్దని అడిగాడు.
పాతపట్నం ఆటోలో అద్దం ముందు మర్చిపోయిన పెళ్ళి డిస్కు
మూడో నాటికి అప్పడమైందని చెప్పాను.
"కొమ్ము ఏడికి వొంగితే కొంగవుద్ది.
ఇది వొంగితే ఏటీ అవదు."
వంక పెట్టినట్టు కాదు, సరుకు తూచినట్టన్నాడు.

ఎన్నేళ్ళుంటుంది మరి?
అట్ట మీద వందేళ్ళని అచ్చేశారు.
నా షాపుకి ఏడేళ్ళు,
మొదటేడు వేసిన వాటిలో కొన్ని అప్పుడే నోరు విప్పట్లేదు.
ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో.

ఎవరు చూస్తారు? ముందడగాల్సింది అదీ,
చివర్న అడిగాను.
ఢిల్లీ మేళాలో కొనేవాళ్ళు. సరే, వాళ్ళకి డీవీడీ, మైనస్.
"ఇంకా గుమ్మా కొండమీద ఎలియాజర్ రైతా.
నాలుగేళ్ళు నేర్సుకున్నాడు,
తండ్రి మంచాన పడ్డాక పోడుకెళ్ళిపోయాడు.
సెయ్యి మంచిది. ఆడి కాడ బేటరీ పెట్టుంది."
అంటే వీసీడీ. అంటే రెండు ముక్కలు.

మాటల సంగతి వేరే తంటా.
మహారాణా నిప్పుతో ఒడియా మాట్లాడతాడు,
కొలతలతో తెలుగు.
డీవీడీలో ఏ భాషకా భాష, రిమోటు నొక్కితే చాలు.
వీసీడీలో అంత చోటెక్కడిది?
ఎడమ స్పీకర్లో తెలుగు, కుడి స్పీకర్లో ఒడియా పోసి
ఒకటి కట్టేసుకోమన్నాను.

నెలన్నరకి దిగొచ్చాడు ఎలియాజర్,
బిస్కెట్ల డబ్బాలో గడ్డి మధ్య ఒక కొంగ.
మా పెట్టెకి కట్టే బటను లేదు సార్, అన్నాడు,
రెండు గొంతులూ ఒక్కసారే వచ్చాయి.
ఇబ్బంది పడ్డావా?
"గురువుగారు అలాగే మాట్లాడతాడు కదా."

మహారాణా కొంగని వెలుగుకెత్తాడు.
ముక్కు బాగుంది, రెక్క బాగుంది.
మెడ మీద బొటనవేలు పోనిచ్చి ఒకచోట ఆగాడు.
అక్కడ చిన్న బుడిపె,
మింగుడు పడని చేపలా.
"ఇక్కడేటైంది?"

కుర్రాడు నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు.
డిస్కుతో పాటే చేశానన్నాడు,
ఆయన కాలిస్తే కాల్చి, ఆయన వంచితే వంచి.
"అక్కడ మొదటిది అయిపోయింది.
రెండోది పెట్టేసరికి
కొమ్ము సల్లారిపోయింది."

మహారాణా ఏమీ అనలేదు.
నేను ఆ రాత్రి షట్టర్ సగం దించి
మళ్ళీ కోశాను,
ఈసారి అతను టీ తాగటానికి లేచే చోట.