రెండొందల నలభై చెంచాలు

కొరాపుట్‌లో కాఫీ సభ అన్నారు, పద్నాలుగు దేశాలవాళ్ళట.
జయపురం మెయిన్ రోడ్డులో టెంటు హౌసు నాది.
పెళ్ళిళ్ళు, తద్దినాలు, ఎన్నికలు, అన్నీ చూశాను.
కాఫీకి పందిరి వేయడం మాత్రం ఇదే మొదలు.

చెంచాల దగ్గరే పేచీ వచ్చింది.
కమిటీ అమ్మాయి స్తుతిప్రజ్ఞ నా చెంచా ఒకటి తీసి
వెలుగుకి పట్టి, "లోతు చాలదు" అంది.
కాడ మీద మా నాన్న చెక్కించిన పొడి అక్షరాలు
ఆమె వేలికి గరుకుగా తగిలినట్టున్నాయి.
గుండ్రంగా ఉండాలట, పీలిస్తే
తుంపరై అంగిలంతా తడపాలట.
విశాఖ నుంచి తెప్పించాను, కిరండూల్ పాసింజర్లో,
సొరంగాలన్నీ దాటుకుని
రెండొందల నలభై.
రసీదు ఉంది.

ఉమ్మడానికి గ్లాసులు అరవై.
మా సత్యవేణి అడిగింది, "తాగరా మరి?"
తాగరు. నోట్లో తిప్పి, ఉమ్మి, అంకె వేస్తారు.
"పెళ్ళివారూ అలా చేస్తే
ఎంత బియ్యం మిగిలేదో" అని నవ్వింది.
గ్లాసులు మాత్రం తోమనంది.

బల్లలు నడుమెత్తు ఉండాలన్నారు.
కాళ్ళ కింద ఇటుకలు పెట్టి
ఇటుకలకి తెల్లగుడ్డ చుట్టాం.
నీళ్ళు తొంభై మూడు డిగ్రీలు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు.
బాయిలరు దగ్గర నారణ సాహు
పసివాడికి జ్వరం చూసినట్టు
గంటగంటకీ థర్మామీటరు చూశాడు.

అతిథులు సాలూరు ఘాటీ మలుపుల్లో
సగం ప్రాణం వదిలేసి
నిమ్మకాయలు వాసన చూస్తూ దిగారు.
ఆ రాత్రి వాన. పందిరికి పొట్టలు వచ్చాయి.
వెదురుతో పొడిచి నీళ్ళు ఒంపుతుంటే
ఇథియోపియా పెద్దాయన ఒకాయన పైజామాతో వచ్చి
రెండో వెదురు అందుకున్నాడు.
"హో" అన్నాను. "హో" అన్నాడు.
అంతకంటే మాట అవసరం పడలేదు.

పొద్దున్నే మొదలైంది చప్పుడు.
జుర్ర్.
ఆ బల్ల దగ్గర జుర్ర్, ఈ బల్ల దగ్గర జుర్ర్.
కోట్లు తొడుక్కుని, మెడలో పేరు తగిలించుకుని,
ఎంత గట్టిగా జుర్రితే అంత పెద్ద నిపుణుడట.
నాకు బస్టాండు హోటలు గుర్తొచ్చింది.
సాసర్లో పోసుకుని నాన్న జుర్రుతుంటే
ఇంటర్ చదివే నేను
లేచి వెళ్ళి వేరే బల్ల దగ్గర కూర్చున్నాను.
నాన్న ఏమీ అనలేదు.
బిల్లు మాత్రం రెండు బల్లలదీ కట్టాడు.

పదిహేడో నంబరు గింజకి అందరికంటే పెద్ద అంకె.
మైకులో "డోమీ మడ్లీ" అని పిలిచారు.
ఎవరూ లేవలేదు.
మూడోసారికి అర్థమైంది, దొమాయి ముదులి!
పొట్టంగి వైపు పరజా మనిషి, వెనక వరసలో ఉంది.
ముందు కుర్చీలకి గుడ్డ తొడిగి ఉంటే
కూర్చోకూడనివి అనుకుందట.
ఆ గుడ్డలు తొడిగించింది నేనే.
దేశియాలో కేకేశాను. వచ్చింది.

చెంచా చేతికిచ్చారు. ఎలాగో చూపించబోయారు.
ఈలోపే జుర్రింది.
పొద్దున్నే గట్టు మీద నిలబడి,
పనికి పొద్దెక్కిపోతుండగా
వేడి మండియా జావ తాగే నోరు అది.
పెన్సిళ్ళు ఆగిపోయాయి.
ఉమ్మలేదు, మింగింది.
ఎలా ఉందని అడిగితే
చెంచా తిప్పి అడుగు చూసి అంది కదా,
"గింజ నాదే. మాడ్చింది ఎవడు?"
నేను తెలుగు కలిసిన ఒడియాలో చెప్పాను,
స్తుతిప్రజ్ఞ ఇంగ్లీషులో చెప్పింది, సగం మింగేసి.
అయినా బల్ల చివర ఎవరో దగ్గారు.

మూడోరోజు సాయంత్రం సామాను లెక్క.
ఇటుకలు సరిపోయాయి. గ్లాసులు సరిపోయాయి,
నారణ సాహు తోమాడు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.
చెంచాలు రెండొందల ముప్ఫై తొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను.
వెనక వరస కుర్చీల కింద చూడమన్నాడు కుర్రాడు.
వద్దన్నాను.

బిల్లులో రాశాను,
పగిలిన చెంచా, ఒకటి.
కమిటీ గుమస్తా చదివాడు.
స్టీలు కదా అన్నట్టు నన్ను చూశాడు.
స్టాంపు మీద ఊది
గట్టిగా వేశాడు.