కౌలు

మా అయ్య దానయ్య
పదకొండు బారల లోతున రాయిని తాకి పైకొస్తే
గోళ్ల కింద ఎర్రమన్ను.

సముద్రం అడుగున ఎర్రమన్నేటని
తెప్ప మీదోళ్లు నవ్వారు.
అయ్య నవ్వలేదు. నాలిక్కి రాసుకు చూశాడు.
"ఉప్పు కింద ఇంకో రుచి ఉంది. ఇది కొండది."

సోనాపురం ఎదురుగా,
మహేంద్రగిరి కొమ్మూ గోపాలపురం దీపస్తంభమూ
మా లెక్కకి కుదిరే చోట
నీళ్లలో మాకో రాయుంది. ఏ పటంలోనూ లేదు.
దాని వీపు మీద పగడం,
దండకి పనికొచ్చేది కాదు,
చంటిపిల్ల చెవితమ్మెలా మెత్తన,
ముడితే ముడుచుకునేది.
మా పొయ్యి మీద చేప ఉడికిందంటే
అది బతికున్నట్టు.

ఇప్పుడది మన్ను దుప్పటి కప్పుకుంది.
వానవానకీ ఇంకో పొర.

ఎండుకవ్వళ్ల గంపతో మోహన సంతకి పోయినప్పుడు
ఎగువన, బాహుదా పుట్టే దిక్కున,
కొండని వాన గీకిన గీతలు చూశాను,
చేపకి పొలుసు తీసినట్టు.
గంప దగ్గర కూచున్న సవరామె పేరు రైబారి.
రాయబారి అనుకున్నాను, ఆదివారం పుట్టిందట.
"ఈ ఏడు చోడిచేను జారిపోనాది" అంది.
విత్తు, పెంట, గట్టు, అన్నీ.

ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.
దొంగసొత్తు మా ఇంట్లో దొరికినట్టు సిగ్గేసింది.

మరుసంతకి అయ్య గోళ్లమన్ను
సున్నం డబ్బాలో పట్టుకెళ్లాను.
వాసన చూసి చాలాసేపు మాటాడలేదు.
తరవాత గంపలోంచి నాలుగు గుప్పిళ్లు తీసుకుని లేచింది.
డబ్బులంటే,
"నా చేను మీ సముద్రంలో ఉంది కదా, కౌలు."

ఆ ఎండాకాలం వాళ్లు వాలుకి అడ్డంగా
రాళ్లు పేర్చారు, సందుల్లో చీపురుగడ్డి నాటారు.
మేము మొగదగ్గర,
రొయ్యలచెరువోళ్లు నరికి వదిలేసిన బురదలో
మోకాళ్లలోతు దిగి మడకాయలు గుచ్చాం.
మొదటి విడత పీతలు తినేశాయి.
రెండోది పోటు ఎత్తుకుపోయింది.
మూడో విడతలో ఎన్ని నిలిచాయని అడిగితే
మా తమ్ముడు వేళ్లు మడిచి చూపిస్తాడు,
ఇంకా కాలివేళ్ల దాకా రాలేదు.

అయ్యకి చెవులు పోయాయి. మునగడు.
రాయి ఎలా ఉందో చెప్పేవాళ్లు లేరు.
వాన వెలిశాక గట్టు మీద కూచుని
ఏటినీళ్లు దోసిట్లో పట్టి
అరచేతి గీతలు కనబడతాయా అని చూస్తాడు.

నేను సంతకి పోతూనే ఉన్నాను. కౌలు కడుతూనే ఉన్నాను.
మొన్న గంప దించగానే
రైబారి మూడు గుప్పిళ్లే తీసింది.
నాలుగోదని గుర్తుచేశాను.
"అడుగుగట్టు ఆగింది" అని
కొంగు ముడేసుకు పోయింది.