పలక

సోమవారం.
కలెక్టరాఫీసు ఎదురుగా షట్టరెత్తితే
టీ బండి కంటే ముందే నా జిరాక్సు మిషను వేడెక్కుతుంది.
ఆగిన పింఛను, ఎండిన బోరు, గట్టు జరిపిన పాలివాడు.
చిత్తూరు చుట్టుపక్కల కష్టాలన్నీ
కాపీ రెండు రూపాయల లెక్కన
నా చేతుల మీదుగానే ఆ గేటు దాటతాయి.
నేను చదవను.
చదవతా కూచుంటే అంగడి సాగదు.

నాకు చెవులున్నది పలక కోసం.
జాతరలో దేశయ్య దండు దిగిందంటే
వరిగడ్డి మంట చుట్టూ నేనూ చేరతాను.
తోలు బిగిసేదాకా
సెగకు కాచి, వేలితో తట్టి, మళ్లీ కాచి
చెవి దగ్గర పెట్టుకొని వింటాడు,
బిడ్డకు జ్వరం దిగిందా అని చూసినట్టు.
ఆ తర్వాత మొదటి దెబ్బ.
ఎడమచేతి సన్నపుల్ల ఏదో అడుగుతుంది.
కుడిచేతి చిర్ర జవాబు చెప్పదు, ఇంకోటి అడుగుతుంది.
నా మోకాళ్లు నా మాట వినవు.
డాక్టరు వద్దన్న ఆటంతా ఆడి
చెమటకు తడిసిన వందనోటు
వాడి చొక్కాకు పిన్నీసుతో గుచ్చి
"నీ చేతిలో కళ ఉందిరా" అని
ఇంటికొచ్చి నిద్రపోయేవాణ్ణి.
ఇరవై ఏళ్లు.

మొన్న వైశాఖంలో ఆ చేతులే
నా బల్లమీద ఒక కాగితం పెట్టినాయి.
మడతల దగ్గర అక్షరాలు రాలిపోయినాయి.
"కొంచెం నల్లగా తియ్యన్నా, కనబడాల."
నల్లగా తియ్యాలంటే చూడాల.
చూస్తే చదవాల.

అయ్యా, మా అరుంధతివాడ శ్మశానానికి దారి లేదు.
ఉన్న దారికి మామిడితోట కంచె వేసినారు.
వానాకాలమైతే శవాన్ని వంకలో, మొలలోతు నీళ్లలో...
కింద తేదీ. పదకొండేళ్ల నాటిది.
"ఇది మొదటిది. దీని తర్వాత ఎనిమిది పెట్టినాం.
పోయిన తుపానులో మా యమ్మ పోయింది.
నీళ్లల్లో పలక కొట్టేదెట్ల?
నెత్తిన పెట్టుకోని దాటిస్తి.
ఊళ్లో అందరి సావుకూ కొట్టినోణ్ణి,
మా యమ్మను సప్పుడు లేకుండా పంపిస్తి."

చిల్లర వెతుకుతున్నట్టు
సొరుగులోకి తల దించుకున్నాను.

ఈ ఏడు జాతరకు పలక రాలేదు.
దారొచ్చేదాకా ఎవరి గడప ముందరా కొట్టమన్నారు వాళ్లు.
మా వీధిలో డీజే పెట్టెలు దించినారు.
కిటికీ అద్దాలు అదిరినాయి గానీ
ఒక్క మోకాలూ కదల్లేదు.
నాకు కోపమొచ్చింది.
నిజం చెప్పాలంటే, ముందు దేశయ్య మీదే.
నా ఆట పోయిందని.
ఆ కోపం అటునుంచి ఇటు తిరగడానికి
రెండు సోమవారాలు పట్టింది.

మూడో సోమవారం
గేటు ముందర ముప్పై పలకలు.
ఆడోళ్లు, ముసలోళ్లు,
బడిపలక చంకన పెట్టుకొచ్చిన ఒక పాప.
దానిమీద బలపంతో ఒకటే అడ్డగీత.
అడిగినోళ్లందరికీ "ఇది దారి" అని చూపిస్తా ఉంది.
రాత్రి పడిన జల్లుకు తోళ్లు మెత్తబడినాయి.
టౌను నడిమధ్య వరిగడ్డి యాడ దొరుకుతుంది?

దేశయ్య నా అంగడి వైపు చూసినాడు.

బల్లకింద గోతాం ఉంది.
మసకగా వచ్చినవి, వంకరగా పడినవి,
మిషన్లో ఇరుక్కొని చిరిగినవి,
నేను చదవకుండా పారేసిన కాపీలన్నీ.
గోతాం భుజానికెత్తుకొని రోడ్డు దాటినాను.
"ఇక్కడ మంట పెట్టకూడదు" అన్నాడు కానిస్టేబులు.
"మంట కాదు సార్, సెగ" అన్నాను.
ఆ గొంతు నాదేనా అని నేనే ఉలిక్కిపడినాను.

పింఛన్లు అంటుకున్నాయి. బోర్లు అంటుకున్నాయి.
తోలు మెల్లగా బిగుస్తా ఉంది.
దేశయ్యన్న పలకను చెవి దగ్గర పెట్టుకొని, తట్టి,
ఇంకా లేదన్నట్టు తలూపి
నా వైపు చెయ్యి చాపినాడు.

ఇంకో పిడికెడు వేసినాను.